రాత్రివాన మూసిన తలుపు

మార్చి 12, శనివారం

ద్రోహం చేసినవాడు రాత్రివాన. దీపకోట తొమ్మిదో తలుపు తన చేత్తో తనే మూశాడు. బయట తనవాళ్ళు మూడు వందలమంది ఉన్నారని తెలిసి మూశాడు. వాళ్ళలో తనతో కలిసి అన్నదమ్ముల ప్రమాణం చేసిన ఇనుపవేలు ఉన్నాడని తెలిసి మూశాడు. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు, ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. రేపు ఎవరైనా వచ్చి "పాపం, వాడి పరిస్థితి అర్థం చేసుకో" అంటే నేను మెత్తబడకుండా ఉండటానికి ఇది ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

సాయంత్రం చుంగ్ అన్న వీడియో క్యాసెట్ల షాపులో మా బొమ్మలాట సీరియల్ పద్దెనిమిదో భాగం వేశారు. స్టూళ్ళు చాలక సగంమందిమి నిలబడ్డాం. నాన్న ఎప్పట్లాగే వెనక, ఫ్రిజ్ పక్కన. చచ్చినవాళ్ళ సేన కొండ దిగి వస్తుంటే రాత్రివాన ఆ విరిగిన ఊచ గొడుగు పట్టుకుని కోటగోడ మీదికి వచ్చాడు. వాడి పద్యం మొదలవగానే షాపంతా గొంతు కలిపింది. సిగ్గులేకుండా నేనూ కలిపాను.

గొడుగు ఒక్కటి, దారులు వెయ్యి.
వాన ఎవరిదని అడగకు,
తడిసినవాణ్ణి అడుగు.

ఆ తర్వాత తలుపు. ఇనుపవేలు పరిగెత్తుకుంటూ వస్తున్నాడు, వెనక మూడు వందలమంది, వాళ్ళ వెనక ఆ సేన. చచ్చినవాళ్ళు ఎవర్ని తాకితే వాళ్ళూ ఆ సేనలో కలిసిపోతారు. లోపల పిల్లలూ ముసలివాళ్ళూ ఉన్నారు. ఇదంతా నాకూ తెలుసు, ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. జానెడు సందు మిగిలినప్పుడు రాత్రివాన ఆ సందులోంచి తన గొడుగు బయటికి ఇచ్చాడు. ఇనుపవేలు అందుకున్నాడు. తలుపు పడింది. చివరి పాట వచ్చేసింది.

"గొడుగెందుకు ఇచ్చాడంటావ్?" అన్నాడు చుంగ్ అన్న, వక్క నములుతూ.

"ప్రేమ," అంది నాతో పనిచేసే ఆ-సుక్. కళ్ళు తుడుచుకుంటోంది.

"వెటకారం," అన్నాడు మాంసం కొట్టు కుయ్ బాబాయి. "నిన్ను చావుకి వదిలేస్తున్నా, కనీసం తడవకుండా చావు అని."

నేను లేచి, మూడు వందలమంది ప్రాణాలు తీసినవాడి గొడుగు గురించి మాట్లాడుకోవడానికి మీకు సిగ్గు లేదా అన్నాను. కుయ్ బాబాయి "బొమ్మలే పిల్లా, లోపల దూది" అన్నాడు. అందరూ నవ్వారు. వెనక్కి చూస్తే ఫ్రిజ్ పక్కన నాన్న లేడు. ఎప్పుడు వెళ్ళిపోయాడో.

మార్చి 13

నా రాత్రివాన బొమ్మని గోడవైపు తిప్పి పెట్టాను.

మార్చి 15, మంగళవారం

కారఖానాలో సీసాలకి లేబుళ్ళు అతికిస్తూ ఆ-సుక్‌తో పొద్దంతా గొడవ. సోయా సాస్ జాడీల మధ్య మా కేకలకి పెద్ద మేస్త్రి ఎండలోంచి లేచి వచ్చాడు.

ఆ-సుక్ వాదన: తలుపు మూయకపోతే లోపలివాళ్ళూ పోతారు. నా జవాబు: ఎవరి ప్రాణం ఎవరి ప్రాణానికి బదులు ఇవ్వొచ్చో తేల్చే హక్కు ఏ ఒక్కడికీ లేదు. బస్టాండు దగ్గర కొన్న రాజకీయ కరపత్రంలో ఇదే మాట ఇంకా బాగా ఉంది. ఎక్కువమంది మేలు అనే మాటని ఎప్పుడూ తలుపు లోపల ఉన్నవాళ్ళే కనిపెడతారట. అది చదివినప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంది.

"నువ్వు రాత్రివాన జాగాలో ఉంటే ఏం చేసేదానివే?" అంది ఆ-సుక్.

"తలుపు తీసి పట్టుకునేదాన్ని."

"అందరూ చచ్చేవాళ్ళు."

"కలిసి చచ్చేవాళ్ళు."

"కోటలో పసిపిల్లల్ని అడిగావా, నీతో కలిసి చస్తారేమోనని?"

నేను దానితో మాట్లాడటం మానేశాను. మధ్యాహ్నం దాకా. అన్నం డబ్బాలో దాని ముల్లంగి ఊరగాయ నాకు పెట్టింది, తిన్నాను. అది వేరే విషయం.

నిజానికి నాకు అందరికంటే రాత్రివానే ఇష్టం. ఇష్టంగా ఉండేది. వాడి అంగీ నేనే కుట్టాను, పోయినేడు చలికాలం అంతా, తెల్ల పట్టు మీద బూడిదరంగు దారంతో వానచినుకులు. అభిమాన సంఘంలో ఇంకెవరి బొమ్మకీ అలాంటి అంగీ లేదు. అందుకే నాకే అడిగే హక్కు ఉంది.

మార్చి 19, శనివారం

పంతొమ్మిదో భాగం. రాత్రివానకి ఏ శిక్షా లేదు. కోటలో పిల్లలకి గాలిపటం కట్టి ఇస్తున్నాడు. పిల్లలు నవ్వుతున్నారు. వాడూ నవ్వాడు.

బొమ్మలాడించే లియావ్ గురువుగారు ఆ నవ్వుకి ఎంత మంచి గొంతు ఇచ్చారో. ఆడా మగా, పిల్లా ముసలీ, దేవుడూ దయ్యమూ అన్నీ ఆ ఒక్క గొంతే. ఆ నవ్వు ఆగకముందే లేచాను.

నిలబడి మాట్లాడాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇనుపవేలు అభిమానులు ఏడెనిమిది మంది నావైపు వచ్చారు. కుయ్ బాబాయి కూడా. "దూది అన్నారుగా," అన్నాను. "దూదికైనా న్యాయం ఉండాలి కదే," అన్నాడు.

చుంగ్ అన్న క్యాసెట్లు సర్దుతూ, "ఏం చెయ్యమంటావ్ నాయకురాలా?" అన్నాడు.

సముద్రదేవత మాజూ అమ్మ పుట్టినరోజుకి లియావ్ గురువుగారి బృందం గుడి ఎదుట మూడు రోజులు ఆడుతుంది. అక్కడ, జనం ముందు, రాత్రివానకి శిక్ష పడాలి. కథలో తల నరికి ఊరుకుంటే కుదరదు. ఆ తల మళ్ళీ ఇంకో అంగీ తొడుక్కుని ఇంకో పేరుతో రాకూడదు. అసలు బొమ్మనే కాల్చాలి.

ఈ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదు. వచ్చాక అందరూ చప్పట్లు కొట్టారు.

మార్చి 20

ఆదివారం. స్టెన్సిల్ కోశాను. చుంగ్ అన్న బావమరిది బడిలో సైక్లోస్టైల్ మిషను మీద తీశాం. చేతులు మోచేతుల దాకా సిరా.

కరపత్రం చివరి వాక్యాలు నాకే నచ్చాయి: "తలుపు మూసిన చెయ్యి ఏ కారణం చెప్పినా ఆ చెయ్యి చెయ్యే. కాలిస్తేనే బయట మిగిలిపోయినవాళ్ళకి స్థిమితం."

కారఖానా జిగురు గిన్నె తెచ్చి వాకిట్లో పెట్టుకుని కూచుంటే నాన్న కాలువ గేటు డ్యూటీ నుంచి వచ్చాడు. చేతులకి గ్రీజు. నిలబడే ఒక కాగితం తీసుకుని చదివాడు. చాలాసేపు చదివాడు, అంత పెద్దదేం కాదు అది.

"చేతిరాత బాగుంది," అన్నాడు. లోపలికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు.

ఈ కథకీ మా ఇంటికీ ఏ సంబంధమూ లేదు. నేను రాత్రివాన గురించే రాశాను.

మార్చి 26

ఇరవయ్యో భాగం. నాన్న రాలేదు. గేటు చక్రం బిగుసుకుపోయింది, నూనె వెయ్యాలన్నాడు.

వంతెన స్తంభాలకి, కూరగాయల మార్కెట్‌కి, రైతులు తమ ఉద్యమానికి అతికించిన కరపత్రాల పక్కన మావి. ఒకడు ఆగి చదివి "ఎవరీ రాత్రివాన, జిల్లా అధికారా?" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది.

ఏప్రిల్ 5, మంగళవారం

సమాధుల పండగ. ఎప్పట్లాగే పెద్దమ్మ వాళ్ళు పొద్దున్నే వచ్చి వెళ్ళిపోయారు. మేం వెళ్ళేసరికి తాత సమాధి మీద గడ్డి పీకేసి, పోయినవాళ్ళకి పెట్టే పసుపు కాగితాలు ఎగరకుండా గులకరాళ్ళు పెట్టి ఉన్నాయి. పెదనాన్న సమాధి మీద కూడా. నాన్న మిగిలిన గడ్డి కోసం వెతికాడు. ఒక్క పోచ కూడా వదల్లేదు పెద్దమ్మ. ఎప్పుడూ వదలదు.

తిరిగి వచ్చేటప్పుడు నాన్న సైకిల్ కిందిపేట వైపు తిప్పాడు. ప్రతి ఏడాదీ తిప్పుతాడు. నేను కట్ట మీద ఆగిపోయాను, ఎప్పట్లాగే. నాన్న పెద్దమ్మ వాకిట్లో నిలబడ్డాడు, చేతిలో నారింజల సంచి. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల కుట్టుమిషను చప్పుడు. ఆగలేదు అది, ఒక్కసారి కూడా. కాసేపు నిలబడి, సంచి గడప పక్కన పెట్టి వచ్చేశాడు.

పదమూడేళ్ళయింది. రాయకూడదనుకున్నాను కానీ రాయకపోతే మాత్రం లేకుండా పోతుందా.

నాకప్పుడు ఆరేళ్ళు. ఆ తుఫానులో నది ఒక్కసారిగా లేచింది. కాలువ తల దగ్గర గేటు తీసే ఉంటే నీళ్ళు కాలువలోంచి నేరుగా ఊళ్ళోకి, మార్కెట్‌లోకి, బడిలోకి వస్తాయి. బడిలో జనం తలదాచుకుని ఉన్నారు. మేమూ అక్కడే ఉన్నాం. గేటు మూస్తే నీళ్ళు వెనక్కి తన్ని, కట్ట అవతలి కిందిపేట మీద పడతాయి. ఫోను తీగలు తెగిపోయాయి. అడగడానికి పైవాళ్ళెవరూ లేరు. నాన్న చక్రం తిప్పాడు. కిందిపేటలో ముగ్గురు పోయారు. ఒకరు మా పెదనాన్న, నాన్నకి సొంత అన్న.

బళ్ళో పిల్లలు రెండు రకాలు ఉండేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళు మీ నాన్న మమ్మల్ని కాపాడాడనేవాళ్ళు. కిందిపేటవాళ్ళు నా పక్కన కూచునేవాళ్ళు కాదు. నేను కిందిపేటవాళ్ళ పక్కనే కూచోవాలని ఎంత ప్రయత్నించానో.

దీనికీ దానికీ సంబంధం లేదు. అది కథ. ఇది ఇల్లు.

ఏప్రిల్ 9, శనివారం

మా మాట చెల్లింది. లియావ్ గురువుగారు స్వయంగా షాపుకి వచ్చారు. అంత గొంతు ఆ చిన్న మనిషిలోంచి వస్తుందని ఎవరూ అనుకోరు. దగ్గు మందు సీసా చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతారు.

"జనం కాల్చమంటే కాలుస్తాను," అన్నారు. "జనం తిండే తింటున్నాను. కానీ ఆ తల మా నాన్న చెక్కింది. ఆడిన తలని పారెయ్యాలన్నా కాల్చాలన్నా బృందం దేవుణ్ణి అడగాలి. అది మా పద్ధతి."

పెట్టెలోంచి దేవుణ్ణి తీసి బల్ల మీద పెట్టి, అగరొత్తులు వెలిగించి, రెండు చంద్రవంక చెక్కలు నేల మీదికి వదిలారు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే సరే అన్నట్టు. వరసగా మూడుసార్లు సరే అనాలి. మొదటిసారి సరే. రెండోసారి రెండూ వెల్లకిలా పడి ఊగుతూ ఉన్నాయి.

"నవ్వుతున్నాడు," అన్నారు గురువుగారు.

"అంటే?" అన్నాను.

"అంటే నవ్వుతున్నాడని. నువ్వు అడుగుతున్నదేంటో నీకే తెలీదు అని." చెక్కలు తీసి జేబులో వేసుకున్నారు. "నవ్విన దేవుణ్ణి అదే రోజు మళ్ళీ అడగం. పండగ రోజు మూడింటికి, కాల్చేముందు, గుడి ఎదుట అందరి ముందూ అడుగుతాను. ఈలోగా మీరు మీ సంఘంలో తేల్చుకోండి."

నవ్వే దేవుళ్ళ మీద నాకు నమ్మకం లేదు.

ఏప్రిల్ 16, శనివారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

షాపులో ఓటు. కాల్చాలన్నవాళ్ళు చేతులెత్తాలి. చుంగ్ అన్న లెక్కపెడుతున్నాడు. నేను అందరికంటే ముందు ఎత్తాను. కుయ్ బాబాయి, ఇనుపవేలు వాళ్ళు, బస్సు కండక్టరు. ఆ-సుక్ చేతులు కట్టుకుని కూచుంది. సరిగ్గా సగం సగం. చుంగ్ అన్న "ఇంకెవరైనా?" అన్నాడు.

ఫ్రిజ్ పక్కనుంచి ఒక చెయ్యి లేచింది. గోళ్ళలో గ్రీజు. మా నాన్నది.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఊళ్ళో అందరికీ తెలుసు కదా. కుయ్ బాబాయి తన చెయ్యి మెల్లగా దించేశాడు, అప్పటికే లెక్కలోకి వచ్చేసింది.

"అన్నా, నువ్వు..." అన్నాడు చుంగ్ అన్న.

"లెక్క వేసుకో," అన్నాడు నాన్న. తర్వాత, టీ కావాలని అడిగినంత మామూలుగా, "నిప్పు ఎవరు పెడతారు? కుర్రాళ్ళకెందుకు, చేతులు కాలతాయి. నేను పెడతాను."

అందరూ నావైపు చూశారు. నేను గెలిచాను.

ఏప్రిల్ 17

ఇవాళ ఏమీ రాయను.

ఏప్రిల్ 18

ఇవాళ కూడా.

ఏప్రిల్ 20, బుధవారం

పని నుంచి తిన్నగా కాలువ తల దగ్గరికి వెళ్ళాను. ఊహ తెలిశాక అక్కడికి వెళ్ళడం ఇదే మొదటిసారి. నాన్న చక్రానికి గ్రీజు రాస్తున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. గట్టు మీద చోటు చూపించాడు.

"ఎందుకు చెయ్యెత్తావ్ నాన్నా?"

"నువ్వెత్తావుగా."

"నేను రాత్రివాన గురించి ఎత్తాను."

"నేనూ అంతే." గుడ్డతో పళ్ళచక్రం సందులు తుడుస్తున్నాడు. "నువ్వే రాశావు, కాలిస్తే బయటివాళ్ళకి స్థిమితమని. బాగా రాశావు. నేను ఇన్నేళ్ళుగా ఏం ఇవ్వాలా అని చూస్తున్నాను. నారింజలు తప్ప ఏం తోచలేదు."

గ్రీజు డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టాను.

"తప్పు చేశాడా వాడు?" అన్నాను చివరికి. రాత్రివాన పేరు అనలేకపోయాను.

"ఆ లెక్క నాకు రాదు ఆ-తాన్. తప్పనుకుంటే బాగుండు, ఏడ్చి ఊరుకోవచ్చు. ఒప్పనుకున్నా బాగుండు. మళ్ళీ ఆ రోజు వస్తే మళ్ళీ మూస్తాను. మళ్ళీ అన్న పోతాడు. ఎన్నిసార్లు ఆలోచించినా అంతే." గుడ్డ పిండాడు. "ఆ పద్దెనిమిదో భాగంలో, తలుపు పడ్డాక వాడి చెయ్యి చూశావా?"

"లేదు."

"తలుపు మీద నుంచి తియ్యలేదు. పాట వచ్చేదాకా అక్కడే ఉంది. మీరంతా గొడుగు చూశారు."

చీకటి పడకముందే ఇంటికి వచ్చాం. దారిలో నాన్న బియ్యప్పిండి కుడుములు కొన్నాడు, ఇద్దరం నిలబడి తిన్నాం. కారం తక్కువైందన్నాడు.

ఏప్రిల్ 21

చుంగ్ అన్నని బతిమాలి పద్దెనిమిదో భాగం మళ్ళీ వేయించాను. చెయ్యి అక్కడే ఉంది. రెండుసార్లు చూశాను. తలుపు మీద ఆ చిన్న చెక్క వేళ్ళు.

అయినా మూడు వందలమంది చచ్చారు. ఇదీ రాసి పెట్టుకుంటున్నాను. మెత్తబడుతున్నానని నాకు తెలుస్తోంది, అందుకే.

ఏప్రిల్ 24, ఆదివారం

గురువుగారి ఇంటికి వెళ్ళాను. వరండా నిండా ఆరబెట్టిన అంగీలు. రాత్రివాన తల ఒక్కటే, ఒళ్ళు లేకుండా, కర్ర మీద గుచ్చి ఉంది. పెదవి పక్కన రంగు పెచ్చు లేచింది.

"కాల్చేదానికి రంగెందుకు వేస్తున్నారు?" అన్నాను.

"పెళ్ళికైనా చావుకైనా మొహం కడుగుతాం కదమ్మాయ్." కుంచె నోట్లో పెట్టుకుని మొన సరిచేశారు. "ఆ కరపత్రం నీదేనా? గట్టిగా ఉంది. మా ఇనుపవేలుకి కూడా అంత గట్టి మాటలు రాయలేదు నేను."

తలుపు మీద చెయ్యి ఎందుకు ఉంచారని అడిగాను. కథలో అలా రాసి ఉందా అని.

ఆయన కుడిచేతికి రాత్రివాన తల తొడిగారు, ఎడమచేతికి ఇనుపవేలు తల. అంగీలు లేవు, ఆ మెడల కింద నరాలు తేలిన ముసలి చేతులు. "ఆ సీను ఇంకెవరికీ ఇవ్వలేదు. రెండూ నేనే పట్టాను. కుడిచెయ్యి మూసింది, ఎడమచెయ్యి బయట ఉండిపోయింది. రెంటికీ గొంతు నాదే. తలుపు పడ్డాక ఎడమచెయ్యి దించెయ్యాలి, కెమెరా అబ్బాయి సైగ చేస్తున్నాడు. దించాను. కుడిచెయ్యి తియ్యబుద్ధి కాలేదు. అది తీస్తే సీను అయిపోతుందిగా."

"వాడు మంచివాడా చెడ్డవాడా గురువుగారూ? మీరే పుట్టించారు, మీకు తెలియాలి."

"నేను పుట్టించింది అంగీ వరకే," అన్నారు. "ఎవడైనా అది చెప్పగలిగితే వాణ్ణి మూడు భాగాల్లో ముగించేసేవాణ్ణి. ఇరవై దాటేదాకా లాగేవాణ్ణి కాదు."

నవ్వాను. ఆయన నవ్వలేదు.

"కాల్చొద్దంటే మానేస్తారా?"

"ఇప్పుడు నువ్వు వచ్చి ఒక్కదానివి వద్దంటే? సంఘం ఓటు వేసింది. మీ నాన్న నిప్పు పెడతానన్నాడు. జనాన్ని నువ్వే పోగేశావు. జనాన్నే తీసుకురా. దేవుణ్ణి జనం ముందే అడుగుతాను, వాళ్ళు ఏమడగమంటే అదే అడుగుతాను."

ఏప్రిల్ 27

ఇనుపవేలు వాళ్ళతో మాట్లాడాను. "నువ్వే కదా కాల్చమన్నావ్" అన్నారు. అవును, నేనే. "మరి ఇప్పుడు వాడు మంచివాడయ్యాడా?" కాలేదు. "మరి?" ఒకడు నా మొహం మీదే నా కరపత్రం చదివి వినిపించాడు, రాగం పెట్టి. నా వాక్యాలు అంత పొగరుగా ఉంటాయని నాకు తెలీదు.

పాత కరపత్రాలన్నీ తిరగేశాను. చంపాక ఏం చెయ్యాలో ఉంది. క్షమించాక ఏం చెయ్యాలో ఉంది. ఈ రెండూ చెయ్యలేనప్పుడు ఏం చెయ్యాలో ఎవరూ రాయలేదు.

మే 1, ఆదివారం

కట్ట దిగాను.

పెద్దమ్మ తలుపు దగ్గరగానే వేసి ఉంది. కుట్టుమిషను చప్పుడు. "పెద్దమ్మా, నేను ఆ-తాన్‌ని" అన్నాను. చప్పుడు ఆగింది. నాన్నకి ఎప్పుడూ ఆగలేదు కదా అది.

తలుపు తీసింది. నన్ను పైనుంచి కింది దాకా చూసి, "మీ అమ్మ ముక్కే," అంది. లోపలికి రమ్మనలేదు. నేను గడప బయట, తను లోపల. తన వెనక గోడ మీద పెదనాన్న ఫోటో, దాని ముందు ఒక గిన్నెలో నారింజలు. అవి వాడిపోయి ఉన్నాయి. పారెయ్యలేదు.

చెప్పాను అన్నీ. బొమ్మ, తలుపు, కరపత్రం, ఓటు. పిచ్చిదాన్నని తరిమేస్తుందనుకున్నాను. ఆమె చివరిదాకా విని, "నిప్పు వాడు పెడతానన్నాడా?" అంది.

"అవును."

"వాడి తెలివి ఎప్పుడూ అంతే." పెదవి బిగించింది. "చూడవే. నేను వాణ్ణి క్షమించలేదు. క్షమించను కూడా. మీ ఊళ్ళోవాళ్ళు ఎవరెవరో వచ్చి లెక్కలు చెప్పారు, ఇంతమంది బతికారు, అంతమంది పోయారని. నా ఇంట్లోంచి పోయింది లెక్క కాదు, మనిషి. ఆ లెక్క వాడొక్కడే చెప్పలేదు నాకు. వచ్చి నిలబడతాడు. నేను తలుపు తియ్యను. వాడు వెళ్ళిపోతాడు. మళ్ళీ ఏడాది వస్తాడు."

"తియ్యొచ్చు కదా పెద్దమ్మా."

"తియ్యను. అయినా వాడు రావాలి. వాడు రావడం మానేస్తే ఆయన పోయిన సంగతి నాకు తప్ప ఈ భూమ్మీద ఇంకెవరికి గుర్తుంటుంది? బొమ్మని తగలేసి, నా బాకీ తీరిపోయింది అనుకుని ఇంట్లో కూచుంటాడా వాడు? కుదరదని చెప్పు."

"నువ్వే వచ్చి చెప్పు."

"నాకు బొమ్మలాటలు ఇష్టం లేదు. అరుపులూ పొగా." తలుపు సగం వేసింది. ఆ సందులోంచి, మిషను వైపు తిరిగి నడుస్తూ, "ఎన్నింటికి?" అంది.

మే 3

బొమ్మని గోడవైపు నుంచి ఇటు తిప్పాను. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. నేను వాడికి ఏమీ చెప్పలేదు.

మే 5

కొత్త స్టెన్సిల్ కోశాను. చుంగ్ అన్న "ఈసారి ఏ పక్షం నాయకురాలా?" అన్నాడు. రాసింది చదివి, వక్క ఉమ్మేసి వచ్చి మిషను తనే తిప్పాడు. ఆ-సుక్ జిగురు పట్టుకుంది. ఒక్కసారి కూడా "నేను అప్పుడే చెప్పానా" అనలేదు. దానికి ఎంత కష్టమైందో దాని మొహంలోనే తెలుస్తోంది.

నాన్నకి చూపించలేదు. కాలువ తల దగ్గర, గేటు పక్క స్తంభానికి ఒకటి అతికించి వచ్చాను.

మే 7, శనివారం

నాన్న సాయంత్రం వచ్చి చేతులు కడుక్కుంటూ, "ఎవరో నా గేటుకి కాగితం అతికించారు, జిగురు వదలడం లేదు," అన్నాడు. చదివావా అని అడగలేదు నేను. చదివానని ఆయన చెప్పలేదు. అగ్గిపెట్టె మాత్రం చొక్కా జేబులోనే ఉంది, కనిపిస్తోంది. రేపు ఏం చేస్తాడో నాకు తెలీదు. పెద్దమ్మ వస్తుందో రాదో తెలీదు. దేవుడు మళ్ళీ నవ్వుతాడేమో, అదీ తెలీదు.

కరపత్రం ఇక్కడ కూడా రాసి పెట్టుకుంటున్నాను, మెత్తబడ్డానని ఎవరైనా అంటే చూసుకోవడానికి.

"దీపకోట అభిమానులకి. రాత్రివాన తొమ్మిదో తలుపు మూశాడు. మూడు వందలమంది బయట ఉండిపోయారు. ఆ మాట వెనక్కి తీసుకోవడం లేదు. వాణ్ణి కాల్చమని రాసింది నేనే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కాల్చేస్తే వాణ్ణి అడిగే పని మనకి తప్పిపోతుంది, జవాబు చెప్పే పని వాడికి తప్పిపోతుంది. వాడు బతకాలి. ప్రతి భాగంలో పోయినవాళ్ళ ఇంటి తలుపు దగ్గరికి రావాలి. ఇనుపవేలు ఇంటివాళ్ళు తలుపు తియ్యనక్కర్లేదు. అయినా వాడు రావాలి.

వాణ్ణి ప్రేమించేవాళ్ళూ, అసహ్యించుకునేవాళ్ళూ, ఏమీ తేల్చుకోలేనివాళ్ళూ, ఊళ్ళోవాళ్ళూ, కిందిపేటవాళ్ళూ, అందరూ రండి. గొడుగులు తెచ్చుకోండి, వాన లేకపోయినా సరే. నిప్పు పెట్టే జాగా చుట్టూ విప్పి పట్టుకుని నిలబడదాం. ఆదివారం, మాజూ అమ్మ గుడి ఎదుట, బొమ్మల వేదిక కింద. సరిగ్గా మధ్యాహ్నం మూడింటికి."